పాత ఆయిల్ ఇంజిన్‌కు టీడీసీ గీత పట్టడం: ప్రాజెక్టు డైరీ

ఇంజిన్లు, కొలతలు

టీడీసీ అంటే టాప్ డెడ్ సెంటర్, పిస్టన్ సిలిండర్‌లో అన్నిటికంటే పైకి చేరే చోటు. ఇక్కడ టాప్ అన్నదీ అదే. బాలానగర్ షెడ్డులో రెండు పాత ఇంజిన్లు ఉన్నాయి. మొదటిది ఒకప్పుడు బావి మీద పంపు తిప్పిన సింగిల్ సిలిండర్ నిలువు ఇంజిన్. కూలింగ్ నీళ్లతోనే. నేమ్ ప్లేట్ ఊడిపోయింది కాబట్టి అన్నీ కొలిచి రాసుకున్నవే.

- బోరు 80 మి.మీ., స్ట్రోకు 110 మి.మీ.
- కనెక్టింగ్ రాడ్ సెంటర్ నుంచి సెంటర్‌కు 230 మి.మీ.
- ఫ్లైవీల్ అంచు చుట్టుకొలత 1320 మి.మీ., అంటే అంచు మీద ఒక డిగ్రీకి 3.67 మి.మీ.
- నడిచే స్పీడు 1500 ఆర్‌పీఎం

రెండోది 650 ఆర్‌పీఎం లిస్టర్ తరహా 6 హెచ్‌పీ ఇంజిన్. దాని సంగతి చివర్లో.

మొదటిదానికి ఉన్న జబ్బు ఇది: స్టార్ట్ అయ్యాక తెల్ల పొగ ఎంతకీ తగ్గదు, లోడు పడగానే నల్ల పొగ, సైలెన్సర్ మితిమీరి కాలుతుంది. ఇంజెక్టర్‌ను టెస్ట్ పంపు మీద పెట్టి చూస్తే స్ప్రే బాగుంది, చుక్క కారడం లేదు. కంప్రెషన్ గట్టిగానే పడుతోంది. ఇక అనుమానించాల్సింది టైమింగే, అంటే పిస్టన్ టాప్‌కు ఎన్ని డిగ్రీల ముందు డీజిల్ పడుతోందన్నది. ఫ్లైవీల్ మీద ఉలితో కొట్టిన పాత గీత, క్రాంక్‌కేస్ స్టడ్డుకు బిగించిన రేకు పాయింటర్ రెండూ ఉన్నాయి. ఆ గీత నిజంగా టాప్‌నే చూపిస్తోందా అన్నది తేలకుండా డీజిల్ పంపు ముట్టుకుంటే లాభం లేదు.

దశ 1: స్క్రూడ్రైవర్ పద్ధతి

చాలా షెడ్లలో చేసేది ఇదే. ఇంజెక్టర్ తీసి, రంధ్రంలో సన్నటి స్క్రూడ్రైవర్ దింపి, ఫ్లైవీల్ తిప్పుతూ అది పైకి లేవడం ఆగిన చోట సుద్దతో గీత పెడతారు. ఇక్కడ అలా పెట్టిన గీతలు 22 మి.మీ. మేర చెదిరాయి. అంటే 6 డిగ్రీలు. ఎవరు తిప్పినా, ఎంత నెమ్మదిగా తిప్పినా ఒక్కచోట పడలేదు.

లోపం చేతిలో లేదు, క్రాంక్ లెక్కలోనే ఉంది. టాప్ దగ్గర పిస్టన్ దాదాపు కదలదు. ఈ ఇంజిన్ కొలతలతో లెక్క కట్టితే టాప్ నుంచి పిస్టన్ దిగే దూరం ఇలా వస్తుంది:

- 1 డిగ్రీకి 0.01 మి.మీ.
- 2 డిగ్రీలకు 0.04
- 5 డిగ్రీలకు 0.26
- 10 డిగ్రీలకు 1.03
- 20 డిగ్రీలకు 4.09

మంచి డయల్ గేజ్‌లో (ముల్లుతో సన్న కదలికలు చూపే కొలత పరికరం) ఒక చిన్న గీత 0.01 మి.మీ. టాప్ దగ్గర ఒక డిగ్రీ మొత్తం ఆ ఒక్క గీతలో ఇమిడిపోతుంది. అదే 22 డిగ్రీల దూరంలో అయితే ఒక్క డిగ్రీకి ముల్లు 44 గీతలు కదులుతుంది. కాబట్టి టాప్‌ను టాప్ దగ్గర వెతకకూడదు. దానికి అటూ ఇటూ, పిస్టన్ చురుగ్గా కదిలే చోట, ఒకే ఎత్తులో రెండు గుర్తులు పట్టాలి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన ఉండేదే టీడీసీ. ఇక మీదట చేసిందంతా ఈ సూత్రం మీదే.

ఖర్చు: ఫీలర్ గేజ్ 180, మార్కింగ్ బ్లూ (గీత కనబడేలా పూసే నీలి రంగు), స్క్రైబర్ (గీత గీసే సూది) కలిపి 240. మొత్తం 420 రూపాయలు.

దశ 2: 6 మి.మీ. రాడ్డు స్టాపర్

పిస్టన్ టాప్‌కు రాకముందే ఏదైనా అడ్డు తగిలి ఆగాలి. ఒకవైపు తిప్పి ఆగిన చోట ఒక గీత, వెనక్కి తిప్పి మళ్లీ ఆగిన చోట ఇంకో గీత. ముందు 6 మి.మీ. ఇనుప రాడ్డును ఇంజెక్టర్ రంధ్రంలో దింపి, పైన పట్టీ వేసి, ఇంజెక్టర్ స్టడ్లకే బిగించడం జరిగింది.

రెండు గీతల మధ్య దూరం ఎప్పుడు కొలిచినా ఒకేలా రావాలి. కానీ 150 నుంచి 171 మి.మీ. దాకా ఊగింది. రాడ్డు తీసి చూస్తే మొన ఒకవైపు మెరుస్తోంది, కొద్దిగా వంగింది కూడా. పిస్టన్ తల మీద గిన్నెలాంటి బౌల్ ఉంటుంది. రాడ్డు మొన దాని వాలు మీద తగిలి పక్కకు జారుతోంది. సన్న రాడ్డు, పైగా రంధ్రంలో వదులు. ఇక జారకుండా ఎలా ఉంటుంది?

ఇలాంటి చోట మధ్య బిందువు ఎంత జాగ్రత్తగా తీసినా అది తప్పే. గీతల మధ్య దూరం 1 మి.మీ. లోపల మళ్లీ మళ్లీ ఒకేలా వస్తేనే మధ్య బిందువు నమ్మాలి. రాకపోతే ముందు స్టాపర్‌ను బాగుచేసుకోవాలి.

ఖర్చు: రాడ్డు 40. మొత్తం 460.

దశ 3: డమ్మీ ఇంజెక్టర్

రాణిగంజ్‌లో పాత ఇంజెక్టర్ బాడీ దొరికింది. నాజిల్ పోయినా ఫర్వాలేదు, నాజిల్ నట్టు, సీటు బాగుంటే చాలు. నాజిల్ స్థానంలో ఇత్తడి మొన లేత్ మీద తిప్పించడం జరిగింది. ఇత్తడే ఎందుకంటే అది పిస్టన్ తలను గీరదు.

1. ముందు పిస్టన్‌ను చూపుకు టాప్ దగ్గరకు తెచ్చి, ఇంజెక్టర్ సీటు నుంచి బౌల్ అడుగు దాకా వైరు దింపి కొలవాలి. ఇక్కడ 41 మి.మీ. వచ్చింది.
2. దానికి 5 మి.మీ. కలిపి మొన పొడవు నిర్ణయించాలి. ఇక్కడ 46. ఈ 5 మి.మీ. వల్లనే పిస్టన్ టాప్‌కు 22 డిగ్రీల ముందే ఆగుతుంది.
3. మొన లావు 8 మి.మీ., హెడ్డు రంధ్రంలో చేతితో దూరేంత బిగువు. చివర చదునుగా ఉంచి, అంచు మాత్రం గుండ్రంగా తీయాలి.
4. మధ్యలో 2 మి.మీ. రంధ్రం ఉండాలి, గాలి పోవడానికి. అది లేకపోతే కంప్రెషన్ ఎదురు నెట్టి, పిస్టన్ స్టాపర్‌కు తగిలిందా గాలికి ఆగిందా తెలియదు.
5. రాగి వాషర్ వేసి, అసలు ఇంజెక్టర్‌ను బిగించినట్టే రెండు నట్లూ సమానంగా బిగించాలి.

జాగ్రత్త: స్టాపర్ లోపల ఉన్నంతసేపు స్టార్టింగ్ హ్యాండిల్ షాఫ్టుకు తగిలించకూడదు, గోడకు ఆనించి పెట్టాలి. ఫ్లైవీల్‌ను అంచు పట్టుకుని, రెండు చేతులతో, తగిలేదాకా మెల్లగా తిప్పాలి. ఊపుతో తగిలితే ఫ్లైవీల్ బరువంతా కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది.

గుర్తులకు కిరాణా షాపుల బిల్లు రోల్ కాగితం చాలా బాగా పనిచేసింది. ఫ్లైవీల్ అంచు తుప్పు, గ్రీజు పోయేలా తుడిచి, పట్టీని బిగుతుగా చుట్టి టేపు వేయాలి. పాయింటర్‌కు ఎదురుగా రెండు గీతలు పడ్డాక పట్టీ విప్పి, ఒక గీత మీద ఇంకో గీత వచ్చేలా మడిచి, వెలుతురుకు పట్టి చూడాలి. మడత పడిన చోటే టీడీసీ. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. వంపు అంచు మీద స్కేలు పెట్టి కొలిచే తప్పూ రాదు.

ఈసారి గీతల మధ్య దూరం 163 మి.మీ. తీసి మళ్లీ పెట్టినా అర మి.మీ. కంటే ఎక్కువ తేడా రాలేదు.

ఖర్చు: పాత బాడీ 220, ఇత్తడి ముక్క 60, లేత్ కూలి 350. మొత్తం 1,090.

దశ 4: డయల్ గేజ్‌తో సరిచూడటం

ఒక్క పద్ధతి మీద ఉలి ఎత్తడం సబబు కాదు. రెండో సాక్ష్యం కోసం వాల్వు దింపే పద్ధతి. పిస్టన్ టాప్ దగ్గర ఉండగా రాకర్ (వాల్వును నొక్కే చేయి) పక్కకు తీసి, ఒక వాల్వు స్ప్రింగ్ విప్పి, వాల్వును పిస్టన్ తల మీద ఆనిస్తే, స్టెమ్ పైన పెట్టిన డయల్ గేజ్ పిస్టన్ కదలికనే చూపిస్తుంది.

స్ప్రింగ్ తీయగానే, ఫ్లైవీల్ తిప్పక ముందే, స్టెమ్ మీద కాటర్ (స్ప్రింగ్‌ను పట్టి ఉంచే చీలిక) గాడికి దిగువన రబ్బరు రింగు బిగుతుగా ఎక్కించాలి, లేదా సన్న తీగతో రాకర్ స్టాండుకు కట్టాలి. పిస్టన్ పొరపాటున కిందికి వెళ్తే వాల్వు గైడ్ దాటి సిలిండర్‌లో పడుతుంది. అప్పుడు హెడ్డు దించాల్సిందే, గ్యాస్కెట్ దండగ.

టాప్‌లో ముల్లు నిలిచిన చోట గేజ్‌ను సున్నాకు తెచ్చి, అటు 5.00 మి.మీ., ఇటు 5.00 మి.మీ. దగ్గర గుర్తులు. లెక్క ప్రకారం ఒక్కోటి 22.16 డిగ్రీలు, మధ్య దూరం 162.5 మి.మీ. సున్నా పెట్టడంలో ఒకటి రెండు గీతలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, రెండు వైపులా అదే తప్పు ఉంటుంది కాబట్టి మధ్య బిందువు కదలదు.

అయినా మొదట తీసిన మధ్య బిందువు డమ్మీ ఇంజెక్టర్ చెప్పినదానికి 0.8 మి.మీ. దూరంగా పడింది. ఇది ఈ పనిలో అందరూ దాటేసే విషయం, అందుకే వివరంగా.

పాత ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ కింది కొసన ఉండే బిగ్ ఎండ్ బేరింగ్, పై కొసన ఉండే గడ్జన్ పిన్ బుష్ రెండూ కొంత లూజు. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు రాడ్డు దాన్ని నెడుతుంది. కిందికి వచ్చేటప్పుడు రింగుల రాపిడి వల్ల పిస్టన్ వెనకపడుతుంది, రాడ్డు దాన్ని లాగాల్సి వస్తుంది. లూజు మొత్తం రాడ్డుకు ఒకసారి ఇటువైపు, ఒకసారి అటువైపు చేరుతుంది. ఈ ఇంజిన్‌లో అది దాదాపు 0.2 మి.మీ. ఆ ఎత్తులో డిగ్రీకి 0.44 మి.మీ. చొప్పున దాదాపు అర డిగ్రీ తేడా, మధ్య బిందువుకు వచ్చేసరికి అందులో సగం.

మార్చినది ఒక్కటే. దిగే వైపు 5 మి.మీ. దగ్గర ఆపకుండా 7 మి.మీ. దాకా పోనిచ్చి, ఫ్లైవీల్‌ను వెనక్కి తిప్పి, పిస్టన్ పైకి ఎక్కుతూ ఉండగా 5.00 దగ్గర ఆపడం. అంటే రెండు గుర్తులూ పిస్టన్ పైకి వెళ్తున్నప్పుడే పట్టాలి. ఆ తర్వాత రెండు పద్ధతుల మధ్య తేడా 0.2 మి.మీ.కు దిగింది. గీత మందమే అంతకంటే ఎక్కువ. స్టాపర్ పద్ధతిలో ఈ బాధ ఉండదు. ఏ వైపు తిప్పినా పిస్టన్ పైకి వెళ్తూనే తగులుతుంది. అందుకే డయల్ గేజ్ లేనివాళ్లు దిగులు పడనక్కర్లేదు, మంచి స్టాపర్ ఒక్కటి చాలు.

ఖర్చు: డయల్ గేజ్ 1,450, మాగ్నెటిక్ స్టాండు 900. మొత్తం 3,440.

దశ 5: పాత గీత, కొత్త గీత

పాత ఉలి గీత అసలు టీడీసీకి 19.5 మి.మీ. దూరంలో ఉంది. 5.3 డిగ్రీలు. అది పాయింటర్ దగ్గరకు వచ్చేసరికి పిస్టన్ టాప్ దాటిపోయి ఉంటుంది.

పాయింటర్ జరిగి ఉంటుందా? ఒకే స్టడ్డుకు బిగించిన రేకు కాబట్టి కదులుతుంది, కానీ వదులు చేసి రెండు వైపులా తిప్పినా మొన 4 మి.మీ. మించి జరగదు. మిగతా తేడా ఫ్లైవీల్‌దే. పచ్చ పెయింటు గీరితే బ్లాకు మీద నేరుగా పోత ఇనుము కనిపించింది. ఫ్లైవీల్ మీద పచ్చ కింద బూడిద రంగు పొర ఇంకొకటి ఉంది. వేరే ఇంజిన్ నుంచి తెచ్చి తొడిగిన ఫ్లైవీల్ అది. బోరు, కీవే సరిపోతే ఎక్కుతుంది, నడుస్తుంది, కానీ దాని మీద గీత మాత్రం అది వచ్చిన ఇంజిన్‌ది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏ ఇంజిన్‌కైనా గీతను సరిచూడకుండా నమ్మకూడదనేది ఇందుకే.

పాయింటర్‌ను 5 మి.మీ. పట్టీతో కొత్తగా చేసి, రెండు స్క్రూలతో బిగించాక, పని ముందుకు పోకముందు టీడీసీ మళ్లీ పట్టడం జరిగింది. మొన ఫ్లైవీల్‌కు 1.5 మి.మీ. దూరంలో ఉంటే ఎటు నుంచి చూసినా గీత జరిగినట్టు అనిపించదు. పాతదానిలో ఆ ఖాళీ 9 మి.మీ.

గీతకు ఉలి వద్దు. పోత ఇనుము అంచులో లోతుగా కొట్టిన గాడి పగులుకు మొదలు కావచ్చు. మార్కింగ్ బ్లూ పూసి, స్క్రైబర్‌తో గీసి, దాని మీద సెంటర్ పంచ్‌తో తేలిక చుక్కలు మూడు, పైన తెల్ల పెయింటు. పాత గీతను ఎపాక్సీతో నింపేయాలి, లేకపోతే రేపు ఇంకొకరు దాన్నే పట్టుకుంటారు.

ఖర్చు: పట్టీ, స్క్రూలు 110, పెయింటు 60. మొత్తం 3,610.

దశ 6: స్పిల్ టైమింగ్

స్పిల్ టైమింగ్ అంటే డీజిల్ పంపు నెట్టడం మొదలుపెట్టే చోటును, పైపు మూతి దగ్గర ధార ఆగడం చూసి పట్టడం. ఎన్ని డిగ్రీలు పెట్టాలన్నది ఆ మోడల్ పుస్తకం చెప్పాలి. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే కిర్లోస్కర్ టీవీ1 (87.5 మి.మీ. బోరు, 110 స్ట్రోకు, 1500 ఆర్‌పీఎం) స్టాండర్డ్ టైమింగ్ టాప్‌కు 23 డిగ్రీల ముందు. మన ఇంజిన్ స్ట్రోకు, స్పీడు అవే కాబట్టి 23తోనే మొదలు. అంచు మీద 23 × 3.667, అంటే 84.3 మి.మీ.

ఈ రెండో గీత ఏ వైపు పెట్టాలో జాగ్రత్త. ఇంజిన్ నడిచే దిశలో తిప్పినప్పుడు పాయింటర్ దగ్గరకు ముందు 23 గీత రావాలి, తర్వాత టీడీసీ. తారుమారైతే 46 డిగ్రీల తప్పు.

ఇంకో మాట. ఫోర్ స్ట్రోక్‌లో పిస్టన్ రెండు సార్లు టాప్‌కు వస్తుంది. రెండు పుష్ రాడ్లూ వేళ్లతో వదులుగా తిరుగుతున్న టాప్ కంప్రెషన్‌ది. ఒక వాల్వు మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటున్న టాప్ మనకు అక్కర్లేదు.

1. హై ప్రెషర్ పైపు తీసి, పంపు పైనున్న హోల్డర్ విప్పి, దాని కింది డెలివరీ వాల్వు, స్ప్రింగ్ బయటకు తీయాలి. వాటిని శుభ్రమైన డీజిల్ ఉన్న మూత గిన్నెలో ఉంచాలి. కాటన్ వేస్టుతో తుడవొద్దు, నూలు పోగు ఒక్కటి చాలు వాల్వు కారడానికి.
2. హోల్డర్ తిరిగి బిగించి, పైన కొంగ మెడలా వంచిన పాత పైపు ముక్క పెట్టాలి.
3. రాక్‌ను (డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించే పంపు కడ్డీ) ఫుల్ ఫ్యూయల్‌లో కట్టి ఉంచాలి. ట్యాంకు తెరిస్తే పైపు మూతి నుంచి డీజిల్ కారుతూ ఉంటుంది.
4. నడిచే దిశలో మెల్లగా తిప్పుతూ పోతే ధార చుక్కలవుతుంది. చివరి చుక్క మూతికి వేలాడి, రాలకుండా నిలబడిపోయిన చోట ఆపాలి. పంపులో పైకి లేచే ప్లంజర్, డీజిల్ వచ్చే రంధ్రాన్ని (పోర్టు) మూసింది అక్కడే.
5. దాటిపోతే పావు చుట్టు వెనక్కి పోయి మళ్లీ రావాలి. గేర్ల లూజు కారణంగా వెనక్కి తిప్పుతూ తీసిన రీడింగు పనికిరాదు.

రీడింగు టీడీసీకి 65 మి.మీ. ముందు. 17.7 డిగ్రీలు.

దీన్ని పాత గీత నుంచి కొలిస్తే 65 + 19.5, అంటే 84.5 మి.మీ., సరిగ్గా 23 డిగ్రీలు. ఇంతకుముందు పంపు కట్టిన మెకానిక్ పని నిఖార్సుగా చేశాడు. తప్పంతా గీతదే. ఐదు డిగ్రీలు లేటుగా పడే డీజిల్ తెల్ల పొగకూ, కాలిపోయే సైలెన్సర్‌కూ సమాధానం చెబుతోంది.

ఖర్చు: పాత పైపు వంచడం 100, రాగి వాషర్లు 40. మొత్తం 3,750.

దశ 7: షిమ్ములు

ఈ పంపు ఫ్లాంజ్ కింద షిమ్ములు (సన్నటి రేకు ముక్కలు) ఉంటాయి. షిమ్ము తీస్తే పంపు కిందికి దిగి, ప్లంజర్ పోర్టును త్వరగా మూస్తుంది, టైమింగ్ అడ్వాన్స్. వేస్తే లేట్. మొదట మొత్తం 0.8 మి.మీ. షిమ్ములు ఉన్నాయి.

- 0.2 తీస్తే: 73.5 మి.మీ., 20 డిగ్రీలు
- ఇంకో 0.2 తీస్తే: 83 మి.మీ., 22.6 డిగ్రీలు

అదే మందానికి రెండోసారి ఎక్కువ జరగడం గమనించండి. పోర్టు ముందుగా మూసుకునే కొద్దీ క్యామ్ ప్లంజర్‌ను లేపే వేగం ఇంకా తక్కువగా ఉండే చోటికి వస్తాం, అందుకే అంతే షిమ్ముకు ఎక్కువ డిగ్రీలు పడతాయి. మొదటి రీడింగు నుంచి లెక్క వేసి షిమ్ములన్నీ ఒకేసారి తీయడం ప్రమాదం. పంపు మరీ దిగితే, క్యామ్ పూర్తిగా లేచినప్పుడు ప్లంజర్ తల పైన డెలివరీ వాల్వు సీటుకు కొట్టుకుంటుంది. ప్రతి మార్పు తర్వాత డెలివరీ వాల్వు, హోల్డర్ మామూలుగా బిగించి, ఫ్లైవీల్‌ను చేతితో రెండు చుట్లు పూర్తిగా తిప్పి, ఎక్కడా గట్టిగా పట్టడం లేదని చూసుకున్నాకే ముందుకు పోవాలి.

మిగిలిన 0.4 డిగ్రీ కోసం సన్న షిమ్ము వెతకలేదు. ఈ వయసు పంపులో ప్లంజర్ అరుగుదలే అంత తేడా తెస్తుంది. 23 దాటించి అడ్వాన్స్ చేయడం కంటే కాస్త తక్కువలో ఉంచడమే మేలు. ఎక్కువ అడ్వాన్స్ ఉన్న ఇంజిన్ కొట్టుకుంటుంది, స్టార్టింగ్‌లో హ్యాండిల్ ఎదురు తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టి పట్టకూడదు.

డీజిల్ పైపులో గాలి తీసేటప్పుడు ఇంజెక్టర్ స్ప్రే ముందు చెయ్యి పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన కేసు అది.

ఫలితం: చల్లగా స్టార్ట్ చేసినా తెల్ల పొగ కొద్ది క్షణాల్లో తేలిపోతోంది. నీళ్ల పంపు లోడు మీద పొగ లేత బూడిద రంగు. దడదడ కొట్టుడు లేదు.

ఖర్చు: షిమ్ములు పాడైతే వేయడానికి షీటు 120. మొత్తం 3,870.

దశ 8: లిస్టర్ తరహా ఇంజిన్

ఇంగ్లండ్‌లోని డర్‌స్లీ లిస్టర్ డిజైన్‌కు రాజ్‌కోట్‌లో పోతపోసిన నకలు. బోరు 114.3, స్ట్రోకు 139.7 మి.మీ. రెండు పక్కలా రెండు పెద్ద ఫ్లైవీళ్లు. అంచు చుట్టుకొలత 1885 మి.మీ., డిగ్రీకి 5.24.

దీనికి డమ్మీ ఇంజెక్టర్ పనికిరాదు. ఇంజెక్టర్ పక్కనున్న చాంబర్‌లోకి కొడుతుంది, అక్కడి నుంచి పిస్టన్‌కు నేరు దారి లేదు. వాల్వు దింపే పద్ధతి ఒక్కటే. వాల్వు బరువైనది, కాబట్టి రబ్బరు రింగు చాలదు, తీగ కట్టాల్సిందే. 5.00 మి.మీ. గుర్తుల మధ్య 206 మి.మీ. వచ్చింది, మధ్య బిందువుకు పాత గీత 2 మి.మీ. దూరంలో ఉంది. 0.4 డిగ్రీ. ఈ ఇంజిన్ ఫ్లైవీల్ ఎప్పుడూ మారలేదన్నమాట. పాత గీతనే ఉంచి, తెల్ల పెయింటు వేసి, 2 మి.మీ. తేడాను ట్యాంకు మూత లోపల రాసిపెట్టడం జరిగింది.

ఒక హెచ్చరిక: ఈ ఫ్లైవీళ్లు తల ఉన్న కీలతో బిగుస్తాయి. బేరింగుల పనికి రెండూ ఊడదీస్తే ఎడమది ఎడమకే, కుడిది కుడికే పోయేలా పెయింటుతో గుర్తు పెట్టాలి. తారుమారైతే గీత ఇంకెక్కడో ఉంటుంది, దశ 4 నుంచి మళ్లీ మొదలు.

ఖర్చు: కొత్తగా ఏమీ లేదు. మొత్తం 3,870.